మొక్కజొన్న దేశంలో వేలంపాట

అమెరికాలో అన్నిటికంటే ఎత్తైన కట్టడాలు చికాగోలో చూశాను. కళ్లలో నిలిచిపోయినవి మాత్రం అవి కావు. అయోవా రాష్ట్రంలో, చదునైన పొలాల మధ్య, రైలు పట్టాల పక్కన నిలబడిన తెల్లటి సిమెంటు గాదెలు. మైళ్ల దూరం నుంచే కనిపిస్తాయి. మొదట చూసి చర్చి గోపురాలనుకున్నాను. 1986 అక్టోబరులో ఆ గాదెలు నిండిపోయి, పట్టని మొక్కజొన్నను నేల మీదే కొండలా పోశారు. ఆ పసుపుపచ్చ కొండ ఎదురుగా ఉన్న వీధిలో సగం దుకాణాలు మూతపడి ఉన్నాయి. పంట పోయి పాడైన ఊళ్లు నాకు తెలుసు. 1977 ఉప్పెన తర్వాత మా ప్రాంతమంతా అదే. పంట ఎక్కువై పాడైన ఊరిని అక్కడే చూశాను.

నేపర్‌విల్

నేను రేపల్లె దగ్గర ఒక మిషన్ హైస్కూల్లో హెడ్మాస్టరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. చర్చికి సంఘపెద్దని. ఏటా కోతపండుగ నాడు మా చర్చిలో వేలం పాడించేది నేనే. తెలియనివారి కోసం చెబుతాను. కోతలయ్యాక ప్రతి ఇంటివారూ తమ పంటలో మొదటి భాగం దేవుని మందిరానికి తెస్తారు. పొలం లేనివారు కోడినో, సొరకాయనో, నాలుగు గుడ్లనో తెస్తారు. ఆరాధన ముగిశాక వాటిని వేలం వేస్తాం. వచ్చిన డబ్బు సంఘానికి. ఆ పాటలో ఒక మర్యాద ఉంది. ఎంత పేదవారు తెచ్చిన వస్తువైనా తక్కువకు పోనివ్వకూడదు. ఎవరూ పలకకపోతే తెచ్చినవాళ్ల తల వంగిపోతుంది. అందుకని అవసరం ఉన్నా లేకపోయినా ఎవరో ఒకరు పాట పెంచుతారు.

రత్నకుమారి ఆ చర్చిలోనే పెరిగింది, నా దగ్గరే చదువుకుంది. ఇప్పుడు చికాగో పక్కన నేపర్‌విల్‌లో ఉంటుంది, అక్కడి ఆసుపత్రిలో నర్సు. అక్కడి తెలుగు క్రైస్తవులు ఒక అమెరికన్ చర్చి నేలమాళిగలో ఆదివారం మధ్యాహ్నాలు కూడుకుంటారు. వాళ్ల కోతపండుగకు వేలం పాడించాలని టికెట్టు పంపి నన్ను రప్పించింది.

వెళ్లాను. బతికున్న కోళ్లకు బదులు ప్లాస్టిక్ సంచిలో గడ్డకట్టిన కోడి వచ్చింది. పెరట్లో పెంచిన గోంగూర కట్ట వచ్చింది. "ఒకటోసారి, రెండోసారి" అంటుంటే అక్కడ పుట్టిన పిల్లలు నవ్వారు, పెద్దవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. ఒక ముసలావిడ తెచ్చిన వంకర సొరకాయను రత్నం నలభై డాలర్లకు పాడింది. అప్పట్లో డాలరుకు పన్నెండు రూపాయల పైమాటే. నాకు గుండె ఆగినంత పనైంది.

"అంత పెట్టి సొరకాయా?" అన్నాను.

"సొరకాయకి కాదు మాస్టారూ. ఆవిడ మొహం చూశారా మీరు?" అంది.

రత్నం భర్త ప్రసాద్ ఇంజనీరు. ఆ ఏడు వాళ్లిద్దరికీ పౌరసత్వం వచ్చింది, మొదటిసారి ఓటు వేయబోతున్నారు. అధ్యక్షుడి ఎన్నిక కాదు. చట్టసభలకు మధ్యలో వచ్చే ఎన్నిక. ప్రసాద్ రాత్రి భోజనం దగ్గర ఉత్సాహంగా ఉన్నాడు.

"ఎకానమీ ఇప్పుడు చాలా బాగుంది మాస్టారూ. ఇన్‌ఫ్లేషన్ తగ్గింది. పెట్రోలు గ్యాలన్ డాలర్‌లోపే. మా వీధి చివర ఎన్ని కొత్త ఇళ్లు కడుతున్నారో చూశారుగా."

"మరి అయోవాలో పొలాలు పోతున్నాయని టీవీలో చెప్పారే?"

"అది ఫార్మ్ ఎకానమీ అండి. అది వేరు."

"దేశం ఒకటే కదయ్యా."

"దేశం ఒకటే. చానెల్ మారిస్తే వేరు," అన్నాడు. రత్నం నవ్వలేదు.

అయోవా మాట నేను ఊరికే ఎత్తలేదు. మా బడి కట్టించిన మిషనరీ దొరగారి మనవడు డేల్ అక్కడ వ్యవసాయం చేస్తున్నాడు. డేల్ తండ్రి మా ఊళ్లో పుట్టి, ఊరి పిల్లలతో చెరువు గట్ల మీద ఆడుకుని, పెద్దయ్యాక అయోవాకు వెళ్లి రైతయ్యాడు. రత్నం అమెరికాకు వచ్చిన మొదటి శీతాకాలం వాళ్లింట్లోనే ఉంది. ఇప్పుడు ఆ పెద్దాయన లేడు. కొడుకు డేల్ పొలం అప్పు కింద వసంతంలోనే బ్యాంకు తీసుకుంది. మిగిలిన పనిముట్లు శనివారం వేలం.

"మనం వెళ్లి పక్కన నిలబడాలి మాస్టారూ," అంది రత్నం. "అంతకంటే చేయగలిగింది లేదు."

ఎర్ర ట్రాక్టరు

శుక్రవారం కారులో బయలుదేరాం. ప్రసాద్, రత్నం, హైస్కూల్లో చదివే వాళ్లమ్మాయి షీబా, నేను. మిస్సిసిపీ నది దాటాక పొలాల అంచున ఓట్ల బోర్డులు మొదలయ్యాయి. గోడల మీద రాతలు లేవు, జీపుల మీద మైకులు లేవు. గడ్డిలో గుచ్చిన చిన్న అట్టలు, వాటి మీద పేర్లు మాత్రమే. కొన్ని పొలాల్లో వాటి పక్కనే ఇంకో రకం అట్ట ఉంది: అమ్మకానికి.

డేల్‌కి యాభై ఉంటాయేమో. పొడుగ్గా, కొద్దిగా వంగి నడుస్తాడు. భార్య లోయిస్ గలగలా మాట్లాడే మనిషి. మా కోసం అన్నం వండింది, ముద్దగా అయింది. ఫ్రీజర్లో దాచిన మొక్కజొన్న కండెలు ఉడికించి వెన్న రాసి పెట్టింది. ఆ తీపి నేను మరవలేదు. డేల్ భోజనం ముందు ప్రార్థన రెండు మాటల్లో ముగించాడు. మావాళ్లైతే అన్నం చల్లారేదాకా చేస్తారు.

తిన్నాక నన్ను కొట్టంలోకి తీసుకెళ్లాడు. ఆవులు ఎప్పుడో పోయాయి. మధ్యలో ఎర్ర ట్రాక్టరు ఒకటి, శుభ్రంగా తుడిచి ఉంది.

"నాన్న కొన్నది," అన్నాడు. "రేపు అన్నీ పోనివ్వండి సార్. ఇది ఉంటే చాలు. పక్క పొలం ఒక విధవరాలిది, ఆవిడ నాకు కౌలుకిస్తానంది. ట్రాక్టరు ఉంటేనే."

"లేకపోతే?"

"పట్నంలో గిడ్డంగిలో పెట్టెలు మోసే పని ఉందట."

"రేపు ఎవరు పాడతారు దీన్ని?"

"లోయిస్ తమ్ముడు వస్తాడు," అన్నాడు. లైటు ఆర్పేశాడు.

కాఫీ దుకాణం

శనివారం పొద్దున్నే లోయిస్ పనిలో ఉందని ప్రసాద్, నేను ఊళ్లోకి వెళ్లాం. కాఫీ నలభై సెంట్లు. ఎన్నిసార్లు పోయించుకున్నా అదే ధర. మన దగ్గర రెండో గ్లాసుకు రెండో డబ్బు. టోపీలు పెట్టుకున్న రైతులు ఒకే బల్ల చుట్టూ కూర్చుని ఉన్నారు. వాళ్లలో పెద్దవాడు వెర్నన్, డేల్ పొరుగు రైతు, మాకు కుర్చీలు జరిపాడు.

ఎన్నిక ఎలా ఉంటుందని అడిగాను.

"ఇద్దరు నిలబడ్డారు," అన్నాడు వెర్నన్. "ఒకడొచ్చి ఈ చెయ్యి పట్టుకుని ఊపుతాడు, రెండోవాడొచ్చి ఆ చెయ్యి. ఇక ఆవుల పాలు పితకడానికి చెయ్యి మిగలట్లేదు."

"నీకు ఆవులెక్కడివి?" అన్నాడు పక్కాయన.

"అదీ నిజమే. పోనీ, ఊపుకోనీ."

"ఎవరు గెలుస్తారంటారు?" అన్నాడు ప్రసాద్.

"బ్యాంకు," అన్నాడు పక్కాయన. అందరూ నవ్వారు.

ఆ నవ్వు చూసి నేను చనువు తీసుకున్నాను. డేల్ ట్రాక్టరు మంచి ధరకు పోతుందా అని అడిగాను. బల్ల చుట్టూ ఒక్కసారిగా మాట ఆగిపోయింది. కప్పుల్లోకి చూసుకున్నారు. "మధ్యాహ్నానికి ఎండ వస్తుందంటున్నారు," అన్నాడు వెర్నన్, కిటికీ వైపు తిరిగి. పొరుగువాడి కష్టం గురించి మాట్లాడని మనుషులు ఎంత రాతిగుండెవాళ్లో అనుకుంటూ బయటికొచ్చాను.

పాట

మేం తిరిగి వెళ్లేసరికి డేల్ వాకిలంతా జనం. పలుగులు, గొలుసులు, పాల డబ్బాలు బళ్ల మీద పరిచి ఉన్నాయి. చర్చి ఆడవాళ్లు షెడ్డులో ఆపిల్ కూరిన 'పై' రొట్టె ముక్కలు అమ్ముతున్నారు. చావింట్లో వంట పంపినట్టు, అక్కడ వేలం ఇంటికి సంఘం వంట తెస్తుంది. ఆ మర్యాద నాకు నచ్చింది.

వేలం వేసేవాడు చిన్న ట్రక్కు వెనక నిలబడ్డాడు. నేనూ ఆ పని చేసేవాణ్ణే కనుక చెవులు రిక్కించి విన్నాను. మనం ఒకటోసారి అని ఆగుతాం. జనం ఆలోచించుకుంటారు, ఎవరో ఒకరు జాలిపడతారు. అతను ఊపిరి తీయకుండా అంకెలు కలిపి పాటలా గొణుగుతాడు. అందులో జాలిపడే సందు లేదు.

పలుగులు పోయాయి. నిచ్చెన పోయింది. లోయిస్ కుట్టు మిషను పోయింది. తర్వాత ట్రాక్టరు వంతు వచ్చింది.

లోయిస్ తమ్ముడు ముందుకొచ్చి, "రెండు వందలు," అన్నాడు.

జనం కదల్లేదు. వెర్నన్ బూట్ల వైపు చూస్తున్నాడు. పొద్దున కాఫీ బల్ల దగ్గర ఉన్నవాళ్లంతా చేతులు కోటు జేబుల్లో పెట్టుకున్నారు. వేలం వేసేవాడు రెండు వందలు, రెండు వందలు అంటున్నాడు. డేల్ తల వంచి నిలబడి ఉన్నాడు.

రత్నం నా వైపు తిరిగింది. "ఏంటి మాస్టారూ ఇది? ఇంతమంది ఉండి ఒక్కరూ పలకరేంటి? ఆయన మొహం చూడండి."

నాకూ అదే అనిపించింది. వస్తువు నిలబడింది, ఎవరూ పలకలేదు, దాని తాలూకు మనిషి తల వంచుకున్నాడు. అలాంటప్పుడు ఏం చేయాలో మేం చిన్నప్పటినుంచీ నేర్చుకున్నాం.

"ఐదు వందలు," అంది రత్నం చెయ్యెత్తి.

షీబా తల్లి మోచెయ్యి పట్టుకుంది. "మమ్మీ, చెయ్యి దించు. ఎవ్వరూ బిడ్ చేయట్లేదు. లుక్ ఎట్ దెమ్."

"అందుకే కదే చేసేది. ధర పెరిగితే ఆ అంకుల్‌కే కదా మంచిది."

అన్ని తలలూ మా వైపు తిరిగాయి. ఆ నిశ్శబ్దంలో వెనకనుంచి ఒక గొంతు, "రెండు వేలు," అంది. వేరే జిల్లా నుంచి వచ్చిన వ్యాపారి. అంతసేపూ జనం చూపుకు భయపడి ట్రక్కుకు ఆనుకుని ఊరుకున్నాడు. ముందు ఇంకొకరు నోరు విప్పారు కనుక ఇప్పుడు అతనికి ధైర్యం వచ్చింది.

లోయిస్ తమ్ముడు చేతిలోని నోట్లు చూసుకుని వెనక్కి అడుగేశాడు. రత్నానికి అప్పుడు అర్థమైంది. ఇంకా రెండుసార్లు పాడింది, ఈసారి తానే కొని ఇచ్చేయాలని. ప్రసాద్ ఆమె చెయ్యి పట్టుకుని, "రత్నం, మన దగ్గర లేవు," అన్నాడు. వేలం వేసేవాడు మొదటిసారిగా గొణుగుడు ఆపాడు. అందరి మొహాల్లోకీ చూశాడు, డేల్‌ని చూశాడు, చాలాసేపు ఆగాడు. ఆ ఆగడంలో కూడా పాట పెంచే డబ్బు ఎవరి దగ్గరా లేదు. అమ్మేశాడు.

వెర్నన్ నా పక్కకు వచ్చాడు. కోపంగా లేడు, అలసటగా ఉన్నాడు. "ఇంటింటికీ తిరిగి ఒప్పించుకున్నాం సార్. ఎవరూ నోరెత్తకూడదని. తమ్ముడు రెండు వందలకు కొని డేల్‌కి ఇచ్చేస్తాడని. వచ్చే డబ్బు అతనిదేం కాదు, ప్రతి పైసా బ్యాంకుదే."

"మాకెవరూ చెప్పలేదు," అన్నాను.

"ఇలాంటిది కొత్తవాళ్లకు చెబుతామా?" అన్నాడు.

వెనక ఎవరో ఆడమనిషి, "వాళ్లనెవరు తీసుకొచ్చారు?" అంది. లోయిస్ షెడ్డులోంచి వచ్చింది. చేతులు ఏప్రనుకు తుడుచుకుంటూ రత్నం పక్కన నిలబడి, అందరికీ వినపడేలా చెప్పింది.

"మా మామగారు పుట్టిన ఊరు వీళ్లది. అక్కడ చర్చిలో కోళ్లను వేలం వేస్తారట. పేదవాడి కోడి తక్కువకు పోతే వాడికి అవమానమని, ఆకలితో ఉన్నవాడు కూడా పాట పెంచుతాడట. మామగారు ఈ కథ ప్రతి క్రిస్మస్‌కీ చెప్పేవారు. డేల్, నీకు గుర్తుందిగా?"

డేల్ వచ్చి రత్నం చెయ్యి పట్టుకున్నాడు. "గుర్తుంది," అన్నాడు. వ్యాపారి మనుషులు ట్రాక్టరును బండి మీదికి ఎక్కిస్తున్నారు. అది చూడకుండా అటు తిరిగి నిలబడ్డాడు.

ఆ సాయంత్రమే ప్రసాద్ కుటుంబం బయలుదేరింది. రత్నం కారులో ముందు సీట్లో కళ్లు మూసుకుని కూర్చుంది. లోయిస్ కిటికీలోంచి ఆపిల్ రొట్టె పళ్లెం ఆమె ఒళ్లో పెట్టింది. నేను బుధవారం దాకా ఉండాలని ముందే అనుకున్నాం. వెళ్లిపోతానని అన్నాను, డేల్ ఒప్పుకోలేదు.

ఆదివారం

చర్చిలో కిటికీల రంగు అద్దాల మీద జర్మన్ పేర్లు. బయట కార్ల వైపర్ల కింద ఎవరో ఓట్ల ప్రచార కాగితాలు దోపి వెళ్లారు. పాస్టరు మంచివాడు. పరలోకంలో చెదలు పట్టని ధనం గురించి బోధించాడు. నా ముందు బెంచీలో వెర్నన్ మెడ వెనక ముడతలు చూస్తూ విన్నాను. ఇన్నేళ్లు నేనూ ఆ మాటే బోధించాను. ఆ రోజు చెవికి ఎక్కలేదు.

చివర, ఇండియా నుంచి వచ్చిన సహోదరుడు ప్రార్థన చేయాలన్నారు. నిలబడ్డాను. ఇంగ్లీషులో కృతజ్ఞతలు చెప్పబోయాను, నాలుక తిరగలేదు. తెలుగులో మొదలుపెట్టాను. ఎవరికీ అర్థం కాదన్న ధైర్యంతో, అడగాల్సినవన్నీ అడిగాను. ప్రభువా, అప్పుకు పోయిన పొలాలు యాభయ్యో ఏట ఎవరివి వారికి తిరిగి రావాలని నీ గ్రంథంలో ఆజ్ఞాపించింది నీవే కదా. ఇంత ధాన్యం ఇచ్చి, పండించినవాణ్ణి పంపేస్తున్నావేం? రెండు పార్టీలవాళ్లూ నీ పేరుతోనే ఓట్లడుగుతున్నారు. నీ ఆజ్ఞను ఒక్కరైనా తలచుకోరేం? నీ మందిరంలో మేం నేర్చుకున్న మర్యాదనే తెచ్చి ఈ ఇంటి మీద ఎందుకు పడేశావు? పొలం వాళ్లది, ప్రేమ మాది, పండుగ బ్యాంకుదా? ఆమేన్ అన్నాను. అందరూ ఆమేన్ అన్నారు.

గుమ్మం దగ్గర ఒక ముసలావిడ నన్ను కౌగిలించుకుంది. "ఎంత అందమైన ప్రార్థన," అంది. "ఒక్క ముక్క అర్థం కాకపోయినా మనసుకు నెమ్మది వచ్చింది."

నాకు మాత్రం రాలేదు.

మంగళవారం

అదే చర్చి నేలమాళిగలో ఓటింగు. పోలీసు లేడు, వరుస లేదు, కేకలు లేవు. వచ్చినవాళ్లకు బిస్కట్లు, కాఫీ. మన దగ్గర పోలింగు నాడు ఉండే దుమ్ము, తోపులాట, తలపాగాలు గుర్తొచ్చాయి. ఆ గోలలో ఆశ కూడా ఉంటుందని అక్కడ కూర్చున్నాకే తెలిసింది.

లోయిస్ లోపలికి వెళ్లింది. డేల్ ట్రక్కులోనే ఉన్నాడు, నేను పక్కన.

"మీ దగ్గర వేలికి సిరా పూస్తారట కదా?"

"అవును. మళ్లీ వేయకుండా."

"ఇక్కడ రెండోసారి వేయాలని ఎవరికుంటుంది?" అన్నాడు. కాసేపటికి, "నాన్న ఒక్క ఎన్నికా మానలేదు. ఇండియాలో జనం ఓటు కోసం ఎదురుచూస్తుంటే చూసొచ్చానని అనేవాడు," అన్నాడు.

"మీరు వెళ్లండి మరి."

తలుపు మీద చెయ్యి పెట్టాడు. లోయిస్ మెట్లెక్కి వచ్చేదాకా ఆ చెయ్యి అక్కడే ఉంది. తర్వాత ట్రక్కు స్టార్ట్ చేశాడు.

రాత్రి టీవీలో సెనేటు ఒక పార్టీ చేతిలోంచి ఇంకో పార్టీ చేతిలోకి మారిందన్నారు. గెలిచినవాళ్లు గంతులేస్తున్నారు, రంగు కాగితాలు రాలుతున్నాయి. మధ్యలో కార్ల ప్రకటన వచ్చింది. డేల్ లేచి టీవీ ఆపాడు. లోయిస్ ఎవరికి ఓటు వేసిందో అతను అడగలేదు, ఆమె చెప్పలేదు.

బుధవారం పొద్దున్న నన్ను బస్సెక్కించడానికి ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. నా కోసమేమో అనుకున్నాను. నన్ను దించాక అటునుంచే గిడ్డంగికి పని అడగడానికి వెళ్తున్నాడట. బయలుదేరే ముందు కొట్టం తలుపు తీసే ఉంది. ట్రాక్టరు నిలిచిన చోట సిమెంటు మీద నూనె మరక, దాని పక్కన తుడిచిన గుడ్డ మడత పెట్టి ఉంది.

మా ఊళ్లో

తిరిగి వచ్చాక కోతపండుగ వచ్చింది. మందిరం నిండింది. ధాన్యపు బస్తాలు, అరటి గెలలు, కొత్త బియ్యంతో చేసిన అరిసెలు. అందరూ అమెరికా సంగతులు అడిగారు. ఎత్తైన మేడల గురించి చెప్పాను. ఆరాధన అయ్యాక ఎప్పటిలాగే నన్నే బల్ల దగ్గరికి పిలిచారు.

గెలలు పాడించాను. బస్తాలు పాడించాను. తర్వాత కూలికి వెళ్లే మరియమ్మ తెచ్చిన కోడిపెట్టను చేతిలో పెట్టారు. అది వెచ్చగా ఉంది. దాని గుండె నా వేళ్లకు కొట్టుకుంటోంది. మరియమ్మ స్తంభం పక్కన, ఆ రోజు డేల్ నిలబడినట్టే, తల వంచుకుని నిలబడింది. పది అన్నారు, ఇరవై అన్నారు, వెనకనుంచి ఎవరో నలభై అన్నారు. జనం సంతోషంగా అరుస్తున్నారు.

ఒకటోసారి అన్నాను. రెండోసారి అన్నాను. ఇంకొక మాట మిగిలింది. అందరూ నా వైపే చూస్తున్నారు, మరియమ్మ కూడా తలెత్తింది. నా నోరు తెరుచుకునే ఉంది. పాస్టరుగారు నా చేతుల్లోంచి కోడిని తీసుకుని ఆ మాట ఆయనే అన్నారు.